పాత ఫ్యాక్టరీ స్థలంలో మట్టి పరీక్ష: రిపోర్టు కంటే ముందు మ్యాపు అడగండి

పోయిన నెల మా బంధువొకాయన వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపించాడు. హైదరాబాద్‌లో ఒక పాత ఫ్యాక్టరీ మూతపడిన ఐదెకరాల స్థలంలో అపార్ట్‌మెంట్లు రాబోతున్నాయి, ఆయన అందులో ఫ్లాట్ బుక్ చేద్దామనుకుంటున్నాడు. "మట్టి టెస్టు, నీళ్ల టెస్టు రెండూ చేయించారట, అన్నీ లిమిట్ లోపలే ఉన్నాయట, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. చూశాను. నాలుగు మట్టి శాంపిళ్లు, ఒక బోరు నీళ్ల శాంపిల్. ల్యాబ్ మంచిదే, ఎన్ఏబీఎల్ గుర్తింపు (పరీక్షా ల్యాబ్‌లకు ఇచ్చే జాతీయ స్థాయి గుర్తింపు) ఉంది, అంకెలన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ ఆ నాలుగు గుంతలు స్థలంలో ఎక్కడ తవ్వారో, ఎంత లోతు నుంచి మట్టి తీశారో ఆ కాగితాల్లో ఒక్క ముక్క లేదు. శాంపిళ్లు క్లయింటే తెచ్చి ఇచ్చారని మాత్రం ఉంది.

భూగర్భజలాల శాంపిళ్లు తీసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఇలాంటి రిపోర్టుల్లో అబద్ధం ఉండనక్కర్లేదు. ల్యాబ్‌వాళ్లు తమ చేతికొచ్చిన మట్టిలో ఏముందో నిజాయతీగానే చెప్తారు. ఏ మట్టి వాళ్ల చేతికి వెళ్లాలన్నది మాత్రం అంతకు ముందే, శాంపిలింగ్ ప్లాన్ రాసేటప్పుడే తేలిపోతుంది. ప్లాన్ లేకుండా తీసిన శాంపిల్ మీద ఎంత ఖరీదైన మెషీన్ పెట్టినా వచ్చే జవాబు ఆ పిడికెడు మట్టికే వర్తిస్తుంది, ఐదెకరాలకు కాదు.

ఈ విషయం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబర్‌లో తెచ్చిన పాలసీ ప్రకారం హైదరాబాద్ పాత పారిశ్రామికవాడల్లోని దాదాపు 9,300 ఎకరాలను ఇళ్లకీ ఆఫీసులకీ దుకాణాలకీ మార్చుకునే వీలు వచ్చింది. భూమి విలువ గురించీ, ఫీజుల గురించీ బోలెడంత గొడవ జరిగింది. ఆ భూమి లోపల ఏముందన్న మాట మాత్రం ఆ గొడవలో పెద్దగా వినపడలేదు. అదే ఏడాది జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి తయారు చేయాలి, 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన జరగాలి, అక్కడ నిజంగానే అనుమానం బలపడితే మరో 90 రోజుల్లో వివరంగా సర్వే చేయాలి. కాగితం మీద చాలా బాగుంది. అయితే ఆ నిబంధనలు వచ్చేనాటికి దేశం మొత్తం మీద గుర్తించిన కలుషిత స్థలాలు 103 ఉంటే, శుభ్రం చేసే పని మొదలైనవి 7 మాత్రమే. అందుకే ఫ్లాట్ కొనేవాళ్లూ, పక్క కాలనీలో ఉండేవాళ్లూ కూడా ఈ పరీక్ష ఎలా జరగాలో కొంచెం తెలుసుకుని ఉండాలని నా తాపత్రయం.

తవ్వే ముందు అడగాలి

మొదటి పని జేసీబీ పిలవడం కాదు, కాగితాలు తిరగేయడం. ఆ ఫ్యాక్టరీ ఏం తయారు చేసింది, ఏ ముడిసరుకు వాడింది, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా నడిచింది, మధ్యలో చేతులు మారిందా, మారితే తయారీ కూడా మారిందా. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన పాత అనుమతి పత్రాల్లో ఉత్పత్తులు, నీటి వాడకం, ప్రమాదకర వ్యర్థాల పరిమాణం ఇవన్నీ ఉంటాయి, ఆర్‌టీఐ పెట్టి అడగొచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు వెనక్కి తిప్పి చూస్తే ఇప్పుడు చదునుగా కనిపించే చోట ఒకప్పుడు నల్లటి నీళ్ల గుంత ఉండేదని బయటపడిన సందర్భాలున్నాయి.

వీటన్నిటికంటే విలువైనది అక్కడ పనిచేసిన మనిషి. ఒకసారి మూతపడిన ప్లేటింగ్ యూనిట్‌కి వెళ్లాం, లోహపు సామాన్లకు క్రోమ్ పూత పూసే చిన్న షెడ్డు. మా చేతిలో ఉన్న లేఅవుట్ డ్రాయింగ్‌లో తొట్లు ఒకచోట, మురుగునీటి ట్యాంకు ఇంకోచోట చక్కగా గీసి ఉన్నాయి, దాని ప్రకారమే పాయింట్లు పెట్టుకున్నాం. వాచ్‌మన్ పెద్దాయన మా వెంటే నడుస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "అది కాయిదం మీదున్నది సార్. కడిగిన నీళ్లు గా ట్యాంకుకు పోకపోతుండె, ఎనక గోడకు తూము కొట్టిన్రు, అటే పోతుండె" అన్నాడు. వెనక్కి వెళ్లి చూస్తే గోడ అడుగున ఇటుక పరిమాణంలో ఒక కన్నం, దాని చుట్టూ సిమెంటు పసుపు పట్టి ఉంది. గడ్డపారతో ఒక అడుగు తవ్వేసరికి మొరం ఎరుపు పోయి పచ్చగా, పసుపుగా చారలు కనిపించాయి. డ్రాయింగ్‌ని నమ్ముకుని ఉంటే ఆ మూలకి మేం వెళ్లేవాళ్లమే కాదు.

గోడ బయటికి కూడా చూడాలి. భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ వ్యర్థజలాలను ఎండబెట్టిన పెద్ద చెరువులు ఫ్యాక్టరీ ఆవరణలో లేవు, ఉత్తరాన గోడ అవతల ఉండేవి. 1984 డిసెంబర్ గ్యాస్ దుర్ఘటన తర్వాత ఆ ఫ్యాక్టరీ మళ్లీ నడవలేదు, కానీ చుట్టుపక్కల బస్తీల్లో భూగర్భజలం పాడైందన్న ఫిర్యాదులు దశాబ్దాల పాటు సాగాయి, ఆ బస్తీలకు మంచినీళ్లు ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2025 జనవరిలో అక్కడి నుంచి పీథంపూర్‌కి తరలించి కాల్చిన 337 టన్నులు గోదాములో మూటలు కట్టి పెట్టిన వ్యర్థం. మట్టిలోకీ నీళ్లలోకీ దిగినదాని సంగతి వేరు.

ఇదంతా తెలిశాక ఒక బొమ్మ గీయాలి. విషం ఎక్కడ పుట్టింది, ఏ దారిన వెళ్తుంది, చివరికి ఎవరికి చేరుతుంది. దారి అంటే వాన నీటితో కిందికి దిగడం, నాలాలో కొట్టుకుపోవడం, దుమ్ముగా లేవడం, ఆవిరై గదుల్లోకి రావడం. చేరేది పక్క కాలనీ బోరుకా, ఆడుకునే పిల్లాడి చేతికా, కూరగాయల మడికా. ఈ మూడూ కలిసే దారి ఎక్కడెక్కడ ఉందో అక్కడే శాంపిల్ తీయాలి.

ఎన్ని గుంతలు చాలు?

అందరూ అడిగే ప్రశ్న ఇది. చిన్న లెక్క చేద్దాం. ఐదెకరాలంటే సుమారు 20,200 చదరపు మీటర్లు. అందులో ఎక్కడో పది మీటర్ల వెడల్పున గుండ్రంగా ఒక కలుషితమైన మచ్చ ఉందనుకోండి, దాని వైశాల్యం 78 చదరపు మీటర్లు. ఏమీ తెలియకుండా నాలుగు చోట్ల తవ్వితే అందులో ఒక్కటైనా ఆ మచ్చ మీద పడే అవకాశం నూటికి రెండు కూడా లేదు. మా బంధువు పంపిన రిపోర్టు పరిస్థితి ఇదే. పోనీ స్థలమంతా 20 మీటర్లకొక గీత చొప్పున గళ్లు గీసి ప్రతి కూడలిలో తవ్వితే దాదాపు యాభై గుంతలవుతాయి, అప్పుడు కూడా ఆ మచ్చ దొరికే అవకాశం నూటికి ఇరవయ్యే.

కాబట్టి గళ్లు ఒక్కటే సరిపోవు. తొట్లు, డ్రమ్ములు పెట్టిన చోటు, ఈటీపీ (వ్యర్థజలాలు శుద్ధి చేసే యూనిట్), బాయిలర్, ట్రాన్స్‌ఫార్మర్, డీజిల్ ట్యాంకు, స్క్రాప్ కుప్ప, మురుగు కాలువ కీళ్లు, ఇలా అనుమానం ఉన్న ప్రతి చోటా ముందు పాయింట్లు పెట్టి, మిగిలిన స్థలానికి గళ్లు గీయాలి. ఫ్యాక్టరీ ప్రభావం లేని చోట, అదే రకం మట్టిలో, పోల్చుకోవడానికి కొన్ని శాంపిళ్లు విడిగా తీయాలి. మన రాళ్లలో కొన్ని లోహాలు సహజంగానే ఉంటాయి. ఆ పోలిక లేకపోతే ఉన్నదాన్ని ఫ్యాక్టరీ మీదా నెట్టొచ్చు, ఫ్యాక్టరీ వదిలినదాన్ని ప్రకృతి మీదా నెట్టొచ్చు.

నాలుగు గుంతల మట్టి కలిపి ఒకే శాంపిల్‌గా పంపడం ఖర్చు తగ్గించే పాత అలవాటు. ఒక గుంతలో సీసం లిమిట్‌కి మూడు రెట్లు ఉండి మిగతా మూడింట్లో దాదాపు లేకపోతే, కలిపాక అది లిమిట్ లోపలే కనిపిస్తుంది. పొలంలో ఎరువు మోతాదు తేల్చడానికి అలా కలపడం సరైన పద్ధతే. విషం దాక్కున్న చోటు వెతికేటప్పుడు అది పనికిరాదు.

ఇక లోతు. సీసం లాంటివి పైపొరని పట్టుకుని ఉంటాయి, వాటికి పై పదిహేను సెంటీమీటర్ల మట్టి ముఖ్యం, పిల్లల చేతికి అంటేది అదే. ప్లేటింగ్‌లో వాడే ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియం రూపాల్లో బాగా విషపూరితమైనది) నీళ్లతో పాటు చకచకా కిందికి దిగిపోతుంది. పైన మట్టి శుభ్రంగా ఉండి మూడు మీటర్ల కింద గట్టిగా దొరకొచ్చు. పైగా స్థలం అమ్మే ముందు చాలామంది పైన ఒకటి రెండు అడుగులు కొత్త మొరం పోసి చదును చేస్తారు. ఆ కొత్త మొరం తీసి ల్యాబ్‌కి పంపితే ఏ క్వారీ మట్టికో సర్టిఫికెట్ తెచ్చుకున్నట్టు అవుతుంది. పాత నేల ఎక్కడ మొదలైందో చూసుకుని, అక్కడి నుంచి గట్టి రాయి తగిలేదాకా, పొర మారిన ప్రతిచోటా, రంగు మారిన ప్రతిచోటా తీయాలి.

దేని కోసం వెతకాలి

వెతకనిది దొరకదు. దీనికి పటాన్‌చెరు కంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి డజన్లకొద్దీ మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చేవి. ఏళ్ల తరబడి సీఓడీ, బీఓడీ (నీళ్లలో కాలుష్యం మొత్తంగా ఎంతుందో చెప్పే మామూలు కొలతలు), లవణాల చుట్టూనే కొలతలు నడిచాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లలో నేరుగా మందుల కోసమే వెతికితే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుని మించిన లెక్క అది. 2009లో చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు దొరికాయి. ఆ జనం మా నీళ్లు పాడయ్యాయని అంతకు ముందు నుంచే కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు.

అందుకే పరీక్షల జాబితా ఫ్యాక్టరీ చరిత్ర నుంచి పుట్టాలి, ల్యాబ్ ప్యాకేజీ నుంచి కాదు. ప్లేటింగ్ అయితే క్రోమియం, నికెల్, జింక్, సైనైడ్, జిడ్డు వదిలించడానికి వాడిన ట్రైక్లోరోఎథిలీన్. బ్యాటరీలైతే సీసం, ఆమ్లం. బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు) తయారీ అయితే ద్రావకాలు (సాల్వెంట్లు), ఆ కంపెనీ తయారు చేసిన మందులు. మన దగ్గర కాటేదాన్, బాలానగర్, పటాన్‌చెరు మట్టిలో భారలోహాలు ఎక్కువగా ఉన్నాయని ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఎప్పుడో రాశారు. పక్కనే ఉన్న ఫ్యాక్టరీకి ప్లాన్ రాసేవాళ్లు ఆ పేపర్లు చదివి మొదలుపెట్టొచ్చు.

రిపోర్టులో "గుర్తించబడలేదు" అని కనిపిస్తే అక్కడే ఆగి, ఎంతవరకు గుర్తించగలరు అని అడగండి. తాగునీటిలో క్రోమియం పరిమితి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. ల్యాబ్ వాడిన పద్ధతి 0.1 కంటే తక్కువ ఉన్నదాన్ని పసిగట్టలేకపోతే, పరిమితికి దాదాపు రెట్టింపు ఉన్నా "గుర్తించబడలేదు" అనే వస్తుంది. పాదరసానికి పరిమితి 0.001, సీసానికీ ఆర్సెనిక్‌కీ 0.01. ఇవి ప్లాన్‌లోనే రాసి, ఆ స్థాయి కంటే కిందికి కొలవగల ల్యాబ్‌కే పని ఇవ్వాలి.

నీళ్ల దగ్గరే అసలు చిక్కు

మట్టి కంటే నీళ్ల పరీక్షే ఎక్కువ మోసం చేస్తుంది, ముఖ్యంగా మన హైదరాబాద్ నేలలో. పైన కొద్ది మీటర్ల మట్టి, కింద మొరం, దాని కింద గ్రానైట్. మొరంలో నీళ్లు కాస్త పద్ధతిగా, వాలు వెంట కదులుతాయి. గ్రానైట్‌లో మాత్రం రాతి పగుళ్లు ఎటు పోతే అటే. అందుకే ఫ్యాక్టరీ పక్కింటి బోరు బాగుండి, నాలుగు వీధుల అవతలి బోరు పాడైపోవచ్చు. దూరాన్ని బట్టి గీత గీసి ఇంతవరకే ప్రమాదం అని చెప్పేవాళ్లని నమ్మకండి.

సాధారణంగా చేసేదేమిటంటే స్థలంలో ఉన్న పాత బోరు మోటారు వేసి ఒక సీసా నింపుకుని వెళ్లిపోవడం. వెయ్యి అడుగుల బోరులో ఐదు పగుళ్ల నుంచి నీళ్లు వస్తున్నాయనుకోండి, అన్నిట్లోంచి సమానంగా. పై పగులులో క్రోమియం 0.2 ఉంది, అంటే పరిమితికి నాలుగు రెట్లు. మిగతా నాలుగింట్లో లేదు. మోటారు అన్నిటినీ కలిపి పైకి తెస్తుంది, సీసాలో 0.04 వస్తుంది. పాస్! ఆ పై పగులు నీళ్లే తాగే వంద అడుగుల బోరు పక్క బస్తీలో ఉంటే వాళ్ల గతేమిటి?

పరీక్ష కోసం ప్రత్యేకంగా చిన్న బోర్లు వేయాలి. ఏ లోతు నీళ్లు కావాలో ఆ లోతులోనే కన్నాల పైపు పెట్టి, చుట్టూ గులకరాళ్లు పోసి, దాని పైన బెంటొనైట్ బంకమట్టితో బిగించాలి. అప్పుడే పై నీరు కిందికి జారదు. మొరంలో కనీసం మూడు, ఒకే గీత మీద కాకుండా త్రిభుజంలా వేసి, మూడింటి నీటిమట్టాన్ని ఒకే ఆధార ఎత్తు నుంచి కొలిస్తే నీళ్లు ఎటు నడుస్తున్నాయో తెలుస్తుంది. ఒకటి ఎగువన, మిగతావి దిగువన ఉండేలా చూసుకోవాలి. గ్రానైట్‌కి వేరేగా వేయాలి. ట్రైక్లోరోఎథిలీన్ లాంటి ద్రావకాలు నీటి కంటే బరువు, ఒకటిన్నర రెట్లకు దగ్గర. అవి నీళ్లలో మునిగి రాతి పైభాగం మీద గుంటల్లో పేరుకుని, పగులు దొరికితే లోపలికి దిగిపోతాయి. డీజిల్, పెట్రోల్ నీటిపైన తేలతాయి. ఏది వెతుకుతున్నామన్నదాన్ని బట్టి కన్నాల పైపు ఎక్కడ పెట్టాలో మారుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. బాగా కలుషితమైన చోట నట్టనడుమ రిగ్గు పెట్టి రాతిలోకి బోరు వేస్తే, అప్పటిదాకా పైన ఆగి ఉన్న విషానికి మనమే కిందికి దారి వేసినవాళ్లమవుతాం. ముందు మచ్చ చుట్టూ వేసి, లోపలికి వెళ్లాల్సి వస్తే పై పొరని కేసింగ్‌తో మూసి బిగించాకే రాతిలోకి దిగాలి. స్థలంలో మూత కూడా లేకుండా వదిలేసిన పాత బోర్లు ఉంటాయి, వాటిని వెతికి పట్టుకోవాలి. ఫ్యాక్టరీలు వ్యర్థజలాన్ని బోర్లలోకి దించాయన్న ఆరోపణలు మన పారిశ్రామికవాడల చుట్టుపక్కల ఊళ్లలో కొత్తవి కావు.

నీళ్ల శాంపిల్ ఒకసారి తీస్తే చాలదు. మే నెలలో మట్టం అడుగంటినప్పుడు ఒకసారి, వానలు వెళ్లాక అక్టోబర్, నవంబర్లో మట్టం పైకొచ్చినప్పుడు ఒకసారి తీయాలి. ఎండాకాలమంతా పొడి మట్టిలో ఆగి ఉన్నది, మట్టం పెరిగి ఆ మట్టిని తడిపినప్పుడు నీళ్లలోకి వస్తుంది.

సీసా చేతిలో ఉన్నప్పుడు

ఎంత మంచి ప్లాన్ అయినా చివరికి సీసా పట్టుకున్న కుర్రాడి చేతిలో ఉంటుంది. ద్రావకాల శాంపిల్ కోసం 40 మిల్లీలీటర్ల గాజు సీసా ఇస్తాం. నీళ్లు అంచు దాటి ఉబ్బెత్తుగా నిలిచేదాకా నెమ్మదిగా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టాలి. లోపల బుడగ కనిపించిందంటే అది పారేసి మళ్లీ నింపాల్సిందే, ఎందుకంటే మనం వెతికేది ఆ బుడగలోకి ఆవిరైపోతుంది. లోహాలకు అక్కడికక్కడే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టి నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయాలి. ఆరు వేలెన్సీ క్రోమియం సీసాలో మాత్రం ఆ ఆమ్లం వేయకూడదు, 24 గంటల్లో ల్యాబ్‌లో పరీక్ష అయిపోవాలి. అందరూ శనివారం సాయంత్రం తీసి సోమవారం ఇచ్చే శాంపిల్ ఇదే, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే. ఐస్ బాక్స్, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ టైముకి వెళ్లిందో రాసిన కాగితం, పది ఇరవై శాంపిళ్లకొక జంట శాంపిల్ (రెండిటి ఫలితం కలుస్తుందా చూడటానికి), స్వచ్ఛమైన నీళ్లు నింపి ఊరికే తిప్పి తెచ్చిన ఒక సీసా (దారిలో ఏమైనా కలిసిందా చూడటానికి). ఇవి రిపోర్టులో లేకపోతే మిగతా అంకెల మీద నాకైతే నమ్మకం కుదరదు.

ఏ లిమిట్ లోపల?

"లిమిట్ లోపలే" అన్నప్పుడు ఎవరి లిమిట్ అని అడగాలి. కెనడా మార్గదర్శకాల్లో మట్టిలో సీసం ఇళ్ల స్థలానికి కిలోకి 140 మిల్లీగ్రాములు, ఫ్యాక్టరీ స్థలానికి 600. అంటే 400 ఉన్న మట్టి ఫ్యాక్టరీకి పాస్, ఇంటికి ఫెయిల్. భూమి వాడకం మారుతున్నప్పుడు రాబోయే వాడకం లెక్కనే చూడాలి. కొడైకెనాల్ థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడ్డాక మట్టిలో పాదరసం కిలోకి 20 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చా, ఇంకా తగ్గించాలా అన్న ఒక్క అంకె మీద ఏళ్ల తరబడి పోరాటం నడిచింది. పక్కనే అడవి, కింద నీళ్లు ఉన్నప్పుడు ఆ అంకె ఎంతన్నది చిన్న విషయం కాదు.

అపార్ట్‌మెంట్ల విషయంలో ఇంకొకటి ఉంది. సెల్లార్ కోసం పది పన్నెండు మీటర్లు తవ్వుతారు. ఆ మట్టి లారీల్లో ఎక్కడికో వెళ్లి ఇంకొకరి ప్లాటులో పూడికవుతుంది. గుంతలో ఊరిన నీళ్లని రాత్రీపగలూ మోటార్లతో నాలాలోకి తోడతారు, అలా తోడుతున్నన్నాళ్లూ చుట్టుపక్కల భూగర్భజలం ఆ గుంత వైపే లాగబడుతుంది, దూరంగా ఉన్న కలుషితం కూడా దానితో కదులుతుంది. అందుకే పరీక్షలన్నీ సెల్లార్ తవ్వకం మొదలవకముందే, ఆ లోతు దాకా, ఆ కిందికి కూడా జరగాలి.

ఇదంతా మా బంధువుకి ఫోన్‌లో చెప్పి, బిల్డర్ ఆఫీసులో మూడు అడగమన్నాను. శాంపిలింగ్ పాయింట్ల మ్యాపు, లోతుల వివరం, ఫ్యాక్టరీ పాత లేఅవుట్. రెండు వారాలకు మ్యాపు వచ్చింది. నాలుగు పాయింట్లూ గేటు పక్కన, ఒకప్పుడు ఆఫీసు, గార్డెన్ ఉన్న వైపే ఉన్నాయి. షెడ్లు ఉన్న వెనక వైపు ఒక్కటీ లేదు. ఆయనా, అప్పటికే బుక్ చేసిన ఆరుగురూ కలిసి బిల్డర్‌కి ఒక లెటర్ రాశారు, కాపీ కాలుష్య నియంత్రణ మండలికి పంపారు. వెనక వైపు పాయింట్లు ఎక్కడ పెట్టాలో గుర్తులు పెట్టి ఇచ్చాను, పాత తొట్ల దగ్గర ఆరు, కాలువ వెంట నాలుగు, గోడ అవతల నాలా పక్కన రెండు. సెల్లార్ తవ్వకం సంక్రాంతి తర్వాత అని చెప్పారట, దానికి ముందే జవాబు రావాలని చూస్తున్నాం.